కొనేది ఒకరు, వినేది మరొకరు: విమాన ఇంజిన్ల రన్-అప్ ఆవరణలపై సమీక్ష

మరమ్మతు పూర్తయిన విమాన ఇంజిన్‌ను మళ్ళీ ప్రయాణికులతో గాలిలోకి పంపే ముందు నేల మీదనే నడిపి చూడవలసి ఉంటుంది; ఈ పరీక్షనే రన్-అప్ అంటారు. నూనె గానీ ఇంధనం గానీ కారుతున్నదేమో చూడడానికి ఐడిల్ వేగం, అంటే ఇంజిన్ నడిచే కనిష్ఠ వేగం, చాలు. ఫ్యాన్ బ్లేడ్లు మార్చినప్పుడో, కంపనాలను సరిచూడవలసి వచ్చినప్పుడో, ఇంధన నియంత్రణ భాగాలను కొత్తగా బిగించినప్పుడో మాత్రం టేకాఫ్ శక్తికి దగ్గరగా తీసుకువెళ్ళక తప్పకపోవచ్చు. విమానం పగలంతా తిరుగుతూనే ఉంటుంది కనుక మరమ్మతు రాత్రి జరుగుతుంది. ఆ తరువాతి పరీక్ష అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ నడుమ పడుతుంది. టేకాఫ్ తీసుకున్న విమానం చూస్తుండగానే దూరమవుతుంది. చక్రాలకు దిమ్మలు పెట్టి నిలిపిన విమానం ఎక్కడికీ పోదు. దాని హోరు ఒకే దిక్కు నుంచి, కొన్ని నిమిషాలు మొదలుకొని అరగంట దాకా, హెచ్చుతూ తగ్గుతూ వస్తూనే ఉంటుంది. విమానాశ్రయం చుట్టూ నివసించేవారు ఎగిరే విమానాల మోతకు కొంతవరకు అలవాటు పడతారు గానీ, ఎప్పుడు మొదలవుతుందో ఎప్పుడు ఆగుతుందో తెలియని ఈ మోతకు అలవాటు పడడం కష్టం.

ఈ బాధకు విమానయాన పరిశ్రమ అమ్ముతున్న ప్రధాన సాధనం గ్రౌండ్ రన్-అప్ ఎన్‌క్లోజర్. ఈ సమీక్షలో దానిని రన్-అప్ ఆవరణ అంటాను. విమానాన్ని లోపలికి తెచ్చి నిలిపేంత విశాలమైన కాంక్రీటు నేల, దానికి మూడు వైపులా శబ్దాన్ని పీల్చుకునే ఎత్తైన గోడలు, వెనుక భాగంలో ఎగ్జాస్ట్ గాలిని పైకి మళ్ళించే నిర్మాణం, ముందు తెరచిన నోరు, పైన ఆకాశం: స్థూలంగా దాని రూపం ఇదే. అమెరికాలో షికాగోలోని ఓహేర్ విమానాశ్రయం 1997లో ఇటువంటిదానిని కట్టించుకుంది. కెనడాలో వాంకూవర్ విమానాశ్రయం ఒక కోటీ ఇరవై లక్షల కెనడియన్ డాలర్ల ఖర్చుతో నిర్మించిన ఆవరణ 2012లో వాడుకలోకి వచ్చింది. జపాన్‌లోని నరితా 1999లోనే ఒక అడుగు ముందుకు వేసి, పైకప్పుతో కూడిన హ్యాంగర్ రూపాన్ని ఎంచుకుంది.

ఈ వస్తువును సమీక్షించడంలో ఒక చిక్కు ఉంది. దీనిని కొనేది విమానాశ్రయం, వాడేది విమానయాన సంస్థల నిర్వహణ ఇంజినీర్లు, దీని ఫలితం అనుభవించేది కంచెకు ఆవల ఉన్న నివాసులు. అమ్మకపు పత్రాలు మొదటివారి కోసం రాస్తారు, నడిపే పద్ధతులు రెండవవారి సౌకర్యం కోసం ఏర్పడతాయి, మూడవవారిని ఒక బహిరంగ సమావేశానికి పిలిచి ఒక డెసిబెల్ అంకె చూపించి పంపుతారు. అందువల్ల ఇక్కడ ఆ మూడవవారి పడకగదిని ప్రమాణంగా పెట్టుకుని, ఆవరణ ఏ మేరకు పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో పరిశీలిస్తాను.

ముందుగా అది బాగా చేసే పని గురించి చెప్పాలి. ఆవరణ గోడ రెండు పనులు చేస్తుంది. ఇంజిన్‌కూ ఇంటికీ మధ్య సూటి దారిని మూసివేసి, శబ్దం గోడ అంచుల మీదుగా వంగి రావలసిన పరిస్థితి కల్పించడం మొదటిది. లోపలి ముఖానికి అమర్చిన చిల్లుల రేకు, దాని వెనుకనున్న ఖనిజ ఉన్ని వంటి పదార్థం శబ్దశక్తిని పీల్చుకుని, అది ఎదుటి గోడకు తగిలి తెరచిన నోటి గుండా బయటపడకుండా చూడడం రెండవది. ఈ రెండవ పని లేకుండా వట్టి కాంక్రీటు గోడలు మూడు నిలబెడితే అవి శబ్దాన్ని తగ్గించడానికి బదులు ఒక వైపుకు మళ్ళించే కొమ్ముబూరలా మారతాయి. బాగా కట్టిన ఆవరణ గోడల వెనుక వైపున ఇచ్చే తగ్గింపు సాధారణంగా 15 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుందని చెబుతారు, ఆ మాట నమ్మదగినదే. 15 డెసిబెల్స్ అంటే శబ్దశక్తి దాదాపు 32వ వంతుకు పడిపోవడం. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి మోత సగమైనట్లు తోస్తుందన్న సాధారణ సూత్రం ప్రకారం, వినికిడికి అది మూడో వంతు మోతగా అనిపిస్తుంది. దూరంతో పోల్చి చెబితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. అడ్డంకులు లేని చోట దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లెక్కన 15 డెసిబెల్స్ తగ్గించే గోడ, కిలోమీటరు దూరంలోని ఇంటిని అయిదున్నర కిలోమీటర్ల దూరానికి జరిపినంత మేలు చేస్తుంది. ఇళ్ళను జరపలేము, విమానాశ్రయాన్ని జరపలేము. అటువంటి చోట ఇది చిన్న విషయం కాదు.

ఇంత చెప్పాక, ఆ 15 అన్న అంకెను విప్పి చూడాలి, ఎందుకంటే అది అన్ని శబ్దాలకూ ఒకే తీరుగా వర్తించదు. గోడ అంచు మీదుగా వంగి రావడంలో హెచ్చు పౌనఃపున్యపు శబ్దానికీ తక్కువ పౌనఃపున్యపు శబ్దానికీ చాలా తేడా ఉంది. వెయ్యి హెర్ట్జ్ శబ్దపు తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు. 50 హెర్ట్జ్ శబ్దానిది దాదాపు ఏడు మీటర్లు. గోడ పైనుంచి వంగి రావడానికి శబ్దం ఒక మీటరు అదనంగా ప్రయాణించవలసి వచ్చే చోట, అవరోధాల లెక్కలకు వాడే మామూలు సూత్రం వెయ్యి హెర్ట్జ్ వద్ద సుమారు 20 డెసిబెల్స్ తగ్గింపు చూపిస్తే, 100 హెర్ట్జ్ వద్ద 12, 50 హెర్ట్జ్ వద్ద తొమ్మిదిన్నర మాత్రమే చూపిస్తుంది. పీల్చుకునే ప్యానెళ్ళ సంగతీ ఇంతే. ఒక పొర శబ్దాన్ని గట్టిగా పీల్చుకోవాలంటే దాని మందం తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు దగ్గరగా ఉండాలి. 100 హెర్ట్జ్‌కు అది 85 సెంటీమీటర్లు. మార్కెట్‌లో దొరికే ప్యానెళ్ళ మందం అందులో చిన్న వంతే. ఫలితంగా ఆవరణ నుంచి బయటికి వచ్చే శబ్దంలో కీచు పోయి హోరు మిగులుతుంది. ఇంటి గోడలు, కిటికీలు కూడా తక్కువ పౌనఃపున్యాన్ని ఆపడంలోనే బలహీనం కాబట్టి, ఇంటి లోపలికి చేరేసరికి ఆ హోరు పాలు మరింత పెరుగుతుంది. కిటికీ అద్దాలు, అల్మరా తలుపులు సన్నగా అదరడం దీని పనే.

టర్బోప్రాప్ విమానాల, అంటే టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పేవాటి, విషయంలో ఇది మరీ స్పష్టం. డాష్-8 క్యూ400 ప్రొపెల్లర్‌కు ఆరు బ్లేడ్లు ఉంటాయి, టేకాఫ్ శక్తి వద్ద నిమిషానికి 1,020 సార్లు తిరుగుతుంది. అంటే ఒక బిందువును బ్లేడ్లు సెకనుకు 102 సార్లు దాటిపోతాయి, ఆ 102 హెర్ట్జ్ దగ్గర ఒక బలమైన స్వరం పుడుతుంది. ఏటీఆర్ 72-600కు కూడా ఆరు బ్లేడ్లే, 1,200 భ్రమణాలు; దాని స్వరం 120 హెర్ట్జ్. రెండూ గోడలు సరిగ్గా తడబడే ప్రాంతంలో ఉన్నాయి. దీనికి భిన్నంగా, కొత్త తరం టర్బోఫ్యాన్ల (ముందు పెద్ద ఫ్యాన్ ఉండే జెట్ ఇంజిన్ల) పరిస్థితి కొంత మెరుగు. జెట్ శబ్దశక్తి ఎగ్జాస్ట్ వేగపు ఎనిమిదవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుందని బ్రిటిష్ గణితవేత్త లైట్‌హిల్ 1952లోనే చూపించాడు. బైపాస్ నిష్పత్తి (ఇంజిన్ నడిమి భాగం గుండా పోయే గాలికి, దాని చుట్టూ పోయే గాలి ఎన్ని రెట్లో చెప్పే అంకె) పెరిగేకొద్దీ ఎగ్జాస్ట్ వేగం తగ్గింది, జెట్ హోరు బాగా తగ్గింది. లీప్-1ఏ వంటి ఇంజిన్‌లో ఆ నిష్పత్తి 11. అక్కడ మిగిలే ఫ్యాన్ స్వరాలు హెచ్చు పౌనఃపున్యాలవి. గోడలు వాటిని చక్కగా పట్టుకుంటాయి. కాబట్టి ఒకే ఆవరణ పెద్ద జెట్ విషయంలో గొప్పగానూ, చిన్న ప్రొపెల్లర్ విమానం విషయంలో అంతంత మాత్రంగానూ తోచవచ్చు. విమానం చిన్నది కదా అని నివాసుల ఫిర్యాదును కొట్టిపారేసే అధికారులు ఈ లెక్కను ఒకసారి చూడాలి.

కొలత పద్ధతి ఈ తేడాను దాచిపెడుతుంది. విమానాశ్రయాల నివేదికలలో కనిపించే డెసిబెల్స్ దాదాపు ఎప్పుడూ ఎ-వెయిటింగ్‌తో కొలిచినవి. మనిషి చెవి తక్కువ పౌనఃపున్యాలను తక్కువగా వింటుందన్న కారణంతో ఈ వెయిటింగ్ 100 హెర్ట్జ్ వద్ద 19 డెసిబెల్స్, 50 హెర్ట్జ్ వద్ద 30, 31.5 హెర్ట్జ్ వద్ద 39 కోసేస్తుంది. మామూలు మోతలకు ఇది సబబే. పీల్చే గోడ దాటి వచ్చిన హోరును దీనితో కొలిస్తే మాత్రం, గోడ ఆపలేనిదానిని కొలమానమే లెక్కలోంచి తీసేస్తుంది. తక్కువ పౌనఃపున్యాలను అంతగా కోయని సి-వెయిటింగ్‌తో కూడా కొలిచి రెండింటి మధ్య అంతరం చూడడం దీనికి సులువైన విరుగుడు. ఆ అంతరం 15 నుంచి 20 డెసిబెల్స్ దాటితే తక్కువ పౌనఃపున్యం అధికంగా ఉన్నట్లు భావించి, పౌనఃపున్య పట్టీల వారీగా పూర్తి కొలతలు తీయడం వాడుక. అమ్మకందారు ఇచ్చే పత్రంలో ఎ-వెయిటెడ్ అంకె ఒక్కటే ఉండి, 63, 125 హెర్ట్జ్ పట్టీలలో తగ్గింపు ఎంతో లేకపోతే, ఆ పత్రం అసంపూర్ణమని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఎక్కడ కొలిచారన్నది మరొక ప్రశ్న. ఆవరణ వెనుక గోడకు వంద మీటర్ల దూరంలో గోడ చాటు దట్టంగా ఉంటుంది, అంకె అందంగా వస్తుంది. ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో, అందునా నిర్మలమైన రాత్రి, సంగతి మారుతుంది. నేల చల్లబడి పైగాలి వెచ్చగా ఉండే ఉష్ణోగ్రతా విలోమంలో శబ్దం పైకి పోయి చెదిరిపోకుండా వంగి మళ్ళీ నేల వైపు దిగుతుంది. గాలి వీచే దిక్కున ఉన్న ఇళ్ళకూ ఇదే జరుగుతుంది. గోడ మీదుగా పైకి పోయిన శబ్దంలో కొంత ఈ విధంగా తిరిగి వచ్చి గోడ ఇచ్చిన ప్రయోజనాన్ని హరిస్తుంది. పరీక్షలు జరిగేవే రాత్రి వేళల్లో కాబట్టి, పగటి ఎండలో చేసిన అంగీకార పరీక్ష ఆవరణకు పరీక్షే కాదు.

తెరచిన నోరు ఈ నిర్మాణానికి పుట్టుకతో వచ్చిన లోపం. నోటికి ఎదురుగా ఉన్న దిక్కున తగ్గింపు చాలా స్వల్పం. రన్‌వేల వైపో, నీటి వైపో, ఖాళీ భూమి వైపో నోరు తిప్పగలిగిన విమానాశ్రయాలకు ఇది సమస్య కాదు. నాలుగు వైపులా ఇళ్ళు ఉన్న చోట ఏదో ఒక పేట వారికి అన్యాయం జరుగుతుంది, ఆ పేట ఏదో నిర్ణయించేది శబ్దశాస్త్రం ఒక్కటే అయి ఉండాలి గానీ తరచూ అలా ఉండదు. అయితే నోటిని ఇష్టం వచ్చిన వైపు తిప్పే స్వేచ్ఛ కూడా పూర్తిగా లేదు. ఇంజిన్‌కు గాలి ముందు నుంచి కావాలి.

ఈ గాలి విషయం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆవరణలు విఫలమయ్యేది శబ్దం వల్ల కన్నా గాలి వల్లనే ఎక్కువ. పెద్ద టర్బోఫ్యాన్ పూర్తి శక్తి వద్ద సెకనుకు టన్నుకు పైగా గాలిని మింగుతుంది. ఆ ప్రవాహం నెమ్మదిగా, సమంగా లోపలికి రావాలి. పక్కగాలి గానీ వెనుకగాలి గానీ బలంగా ఉంటే, గోడల అంచుల వద్ద సుడులు లేచి ఇంజిన్ నోట్లోకి చొరబడితే, ఫ్యాన్ ముందు పీడనం అసమంగా మారి కంప్రెసర్ స్టాల్ అయ్యే, అంటే ఇంజిన్ లోపలి గాలి ప్రవాహం తెగిపోయే, ప్రమాదం ఉంది. పెద్ద చప్పుడుతో వచ్చే ఆ స్టాల్ ఖరీదైన ఇంజిన్‌కు నష్టం కలిగించవచ్చు. కొలతలు వక్రించి పరీక్ష వృథా కావడం దాని తేలికైన పరిణామం. అందుకే తయారీదారుల నిర్వహణ గ్రంథాలు నేల మీది పరీక్షకు గాలి వేగం, దిక్కు విషయంలో హద్దులు పెడతాయి. ఆరుబయట అయితే విమానాన్ని గాలికి ఎదురు తిప్పుకోవచ్చు. ఆవరణలో విమానం ముఖం ఒకే దిక్కుకు కట్టుబడి ఉంటుంది. అందువల్ల ఏడాది పొడవునా గాలి దిక్కుల లెక్క తీసి, ఎంత శాతం సమయం ఆవరణ వాడదగినదిగా ఉంటుందో అంచనా వేయడం రూపకల్పనలో తొలి పని. ఈ మధ్య కట్టిన ఆవరణల గోడలలో గాలి దూరే సందులు, అంచుల వద్ద వంపులు కనిపించేది సుడులను మచ్చిక చేసుకోవడానికే. ఆ సందులను కూడా శబ్దం పీల్చుకునే పదార్థంతో కట్టడం వల్ల శబ్దం పెద్దగా లీకు కాదు.

నివాసి వైపు నుంచి చూస్తే ఈ శాతం ఎంతో కీలకం. గాలి అనుకూలించని రాత్రి పరీక్ష ఆగిపోదు, ఆరుబయటికి మారుతుంది. తెల్లవారి విమానం వెళ్ళాలి కదా. ఏడాదిలో నూటికి తొంభై వంతులు పనికొచ్చే ఆవరణ అంటే, మిగిలిన పదో వంతు రాత్రులు గోడ లేనట్లే. ఆ పదో వంతు రాత్రులు గాలి ఊరి వైపు వీచే ఋతువులోనే పడ్డాయనుకుంటే సంవత్సరపు సగటు ఎంత అందంగా ఉన్నా ఆ ఋతువులో నిద్ర లేనట్లే.

పైకప్పు ఉన్న హ్యాంగర్లు ఈ రెండు లోపాలనూ చాలావరకు సరిచేస్తాయి. గాలి శబ్దరోధక పలకల మధ్య నుంచి లోపలికి వస్తుంది, ఎగ్జాస్ట్ వెనుక నుంచి పీల్చే పదార్థం పొదిగిన మార్గం గుండా పోతుంది, నాలుగు దిక్కులా తగ్గింపు దొరుకుతుంది, గాలి దిక్కు ప్రభావం తగ్గుతుంది. నరితా హ్యాంగర్ ఈ తరహాకు తొలి ఉదాహరణలలో ఒకటి. యుద్ధవిమానాల స్థావరాలలో కనిపించే హష్ హౌస్ ఇదే కుటుంబానికి చెందినది. ఆఫ్టర్‌బర్నర్ (ఎగ్జాస్ట్‌లో అదనంగా ఇంధనం మండించే భాగం) మంటతో సహా పరీక్షించవలసిన చోట ఎగ్జాస్ట్‌ను ఒక పొడవైన గొట్టంలోకి పంపి, చుట్టూ ఉన్న గాలిని కలిపి చల్లబరుస్తారు. అవి కూడా హోరును పూర్తిగా మింగలేవు; హష్ హౌస్‌ల నుంచి వచ్చే అతి తక్కువ పౌనఃపున్యపు కంపనం సమీప భవనాలను అదరగొట్టడం తెలిసిన సమస్యే. ధర, స్థలం రెండూ తెరచిన ఆవరణ కన్నా చాలా ఎక్కువ. రాత్రి పరీక్షలు అధికంగా జరిగే పెద్ద నిర్వహణ కేంద్రాలకు, ఇళ్ళు బాగా దగ్గరగా ఉన్న చోట, నా అభిప్రాయంలో ఈ ఖర్చు న్యాయమైనదే. రోజుకు ఒక పరీక్ష కూడా లేని విమానాశ్రయం దీనిని కట్టడం దుబారా.

విమానం నుంచి విప్పిన ఇంజిన్‌ను పరీక్షించే టెస్ట్ సెల్ వేరే తరగతి వస్తువు. రోల్స్-రాయిస్ డార్బీలో 2021లో ప్రారంభించిన టెస్ట్‌బెడ్ 80కి తొమ్మిది కోట్ల పౌండ్లు వెచ్చించారు, దాని కాంక్రీటు గోడల మందం 1.7 మీటర్లు. తక్కువ పౌనఃపున్యాన్ని నిజంగా ఆపాలంటే ఎంత బరువు కావాలో ఆ గోడ చెబుతుంది. రెక్కకు బిగించి ఉన్న ఇంజిన్‌కు ఆ సౌకర్యం కల్పించలేము.

బ్లాస్ట్ ఫెన్స్ పేరుతో నిలబెట్టే వంపు ఉక్కు తడికలను కూడా శబ్దనివారణ ఖాతాలో చూపించడం కొన్నిచోట్ల అలవాటు. వాటి పని ఎగ్జాస్ట్ గాలిని పైకి తిప్పి వెనుకనున్న వాహనాలను, మనుషులను కాపాడడం. పీల్చే పదార్థం లేని, ఇంజిన్ ఎత్తును సరిగ్గా దాటని ఆ తడికల నుంచి నివాసులకు దక్కేది స్వల్పం. వాటికి ఈ సమీక్షలో చోటు కూడా అనవసరం, కానీ పద్దులలో వాటి పేరు తరచుగా కనిపిస్తున్నది కాబట్టి చెప్పవలసి వచ్చింది.

ఇప్పుడు వాడేవారి సంగతి. ఆవరణ హ్యాంగర్‌కు రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే విమానాన్ని ట్రాక్టర్‌తో లాగి తీసుకువెళ్ళాలి, టవర్ అనుమతి తీసుకోవాలి, రన్‌వే దాటవలసి ఉంటే వేచి ఉండాలి, లోపల ఇంకొక విమానం ఉంటే మరింత వేచి ఉండాలి. తెల్లవారేలోగా విమానాన్ని అప్పగించవలసిన ఇంజినీరుకు ఇది పెద్ద భారం. పార్కింగ్ స్థలంలోనే ఐడిల్ పరీక్షకు నియమాలు వీలు కల్పిస్తే, ఐడిల్ అని నమోదైన పరీక్షల సంఖ్య పెరిగే అవకాశం ఉంది. దీనికి మనుషులను నిందించి లాభం లేదు. నమోదు పద్ధతి సరిగ్గా ఉండాలి. ప్రతి పరీక్షకూ ముందుగా అనుమతి, ఏ విమానం, ఏ ఇంజిన్, ఎంత శక్తి, ఎన్ని నిమిషాలు, ఆవరణ లోపలా బయటా, బయట అయితే కారణం ఏమిటి అన్న వివరాలు, వాటితో సరిపోల్చడానికి నివాస ప్రాంతంలో శాశ్వత శబ్దమాపకం: ఇవి లేని ఆవరణకు గోడలు ఉన్నాయి గానీ తలుపు లేదన్నమాట. నిర్వహణ హ్యాంగర్ పక్కనే ఆవరణను కడితే వాడకం దానంతటదే పెరుగుతుంది. స్థలం ఎంపికలో శబ్ద నమూనాతో పాటు ఇంజినీరు నడిచే దూరాన్ని కూడా లెక్కించాలని అందుకే అంటాను.

సగటుల విషయంలో నివాసులు జాగ్రత్తగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో విమాన శబ్దానికి రాత్రి సగటు 40 డెసిబెల్స్ మించరాదని సూచించింది. ఇది ఏడాది పొడవునా తీసే సగటు. ఇప్పుడు ఒక ఇంటి బయట 65 డెసిబెల్స్‌తో పది నిమిషాలు సాగే పరీక్షను తీసుకుందాం. ఎనిమిది గంటల రాత్రికి పరచి సగటు తీస్తే అది 48కి దిగుతుంది. వారానికి ఒక రాత్రి మాత్రమే జరిగితే ఏడాది సగటు 40కి కూడా కాస్త తక్కువే. అంటే ప్రతి వారం ఒకసారి ఇల్లంతా లేచి కూర్చునే మోత వచ్చినా కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. అదే సంస్థ 1999 నాటి మార్గదర్శకాలు ఈ విషయంలో మరింత ఉపయోగపడతాయి. నిద్ర చెడకుండా ఉండాలంటే పడకగది లోపల ఒక్కొక్క శబ్ద ఘటన గరిష్ఠ స్థాయి 45 డెసిబెల్స్, కిటికీ తెరచి ఉన్నప్పుడు బయట 60 మించరాదని అవి చెబుతాయి. ఇంజిన్ పరీక్ష అరుదుగా, దీర్ఘంగా వచ్చే ఘటన కాబట్టి దానికి ఘటనవారీ గరిష్ఠ పరిమితే తగిన కొలబద్ద. పై ఉదాహరణలో 15 డెసిబెల్స్ తగ్గించే ఆవరణ 65ను 50కి తెస్తుంది, పరీక్ష అక్కడ నెగ్గుతుంది. ఆవరణకు నిజమైన న్యాయం చేసే లెక్క కూడా ఇదే. సగటులు చూపించే అధికారులు తమకు తెలియకుండానే తమ వస్తువు విలువను తగ్గించుకుంటున్నారు.

ఆవరణ కొనే ముందు పరీక్షల సంఖ్యనే తగ్గించడం చౌకైన దారి. డిజిటల్ నియంత్రణ ఉన్న ఇంజిన్లకు పాత కాలంలో మాదిరి చేతితో సరిదిద్దే ట్రిమ్ పరుగులు అవసరం లేదు. ఫ్యాన్ సమతౌల్యానికి కావలసిన కంపన వివరాలను ప్రయాణంలోనే సేకరించి, నేల మీద పరీక్ష లేకుండానే బరువులు సరిచేసే పద్ధతి కొన్ని ఇంజిన్లకు ఉంది. అధిక శక్తి పరీక్షలను రాత్రి పదకొండు నుంచి ఉదయం ఆరు వరకు నిషేధించడం, ఆ గంటలలో అత్యవసరాలకు మాత్రమే అనుమతించడం చాలా విమానాశ్రయాలలో ఉన్న నియమమే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2001లో ఆమోదించిన సమతుల విధానం కూడా మూలంలోనే తగ్గించడాన్ని, భూవినియోగ ప్రణాళికను, నడిపే పద్ధతులను, ఆంక్షలను కలిపి చూడమంటుంది. ఎదురు శబ్దం పుట్టించి అసలు శబ్దాన్ని రద్దు చేసే క్రియాశీల నియంత్రణ గురించి ఉత్సాహంగా మాట్లాడేవారున్నారు. ప్రొపెల్లర్ వంటి ఒకే స్వరపు తక్కువ పౌనఃపున్యానికి, ఒక చిన్న ప్రాంతం వరకు అది పనిచేయగలదు. ఒక పేట మొత్తాన్ని ఆరుబయట కాపాడుతుందని చెబితే నమ్మవద్దు.

ఇక తూకం. జెట్ విమానాలకు రాత్రి నిర్వహణ క్రమంగా జరిగే విమానాశ్రయానికి, ఇళ్ళు ఒక వైపునే ఉండి నోరు మరొక వైపుకు తిప్పగలిగితే, తెరచిన ఆవరణ పెట్టిన డబ్బుకు మంచి ప్రతిఫలం ఇస్తుంది. దానిని గట్టిగా సిఫారసు చేస్తాను. ప్రొపెల్లర్ విమానాలే ఎక్కువగా ఉన్న చోట గోడ ఎత్తు, ప్యానెల్ మందం మామూలు స్థాయిలో సరిపోవని ముందే గ్రహించి, 100 హెర్ట్జ్ చుట్టూ ఉన్న పట్టీలో హామీ అడిగి మరీ కొనాలి. ఇంజిన్ తోక దగ్గర ఎత్తుగా ఉండే విమానాలు వచ్చే చోట గోడ చాటు తగ్గిపోతుంది కనుక ఆ విమానాన్నే పెట్టి కొలవమనాలి. చుట్టూ ఇళ్ళున్న చోట పైకప్పు లేని ఆవరణ ఒక పేట మోతను మరొక పేటకు పంచుతుంది, కాబట్టి అక్కడ పైకప్పు ఉన్న హ్యాంగరో, పూర్తి రాత్రి నిషేధమో ఎంచుకోవాలి.

ఒప్పందంలో పెట్టవలసిన షరతులలో ఎక్కువమంది మరచేది వయస్సు. గోడ లోపలి ముఖం ఏళ్ళ తరబడి వేడి ఎగ్జాస్ట్‌కు, ఇంధన ఆవిరికి, వానకు, పక్షుల గూళ్ళకు గురవుతుంది. చిల్లులు పూడుకుపోతే, ఉన్ని తడిసి ముద్దయితే పీల్చే శక్తి పోతుంది, అయితే బయటి నుంచి చూసేవారికి గోడ ఎప్పటిలాగే కనబడుతుంది. ఆరంభంలో కొలిచిన చోటనే, అదే విమానంతో, అటువంటి రాత్రి వాతావరణంలో కొన్నేళ్ళకొకసారి మళ్ళీ కొలిచి, తగ్గింపు హామీ కన్నా పడిపోతే ప్యానెళ్ళు మార్చే బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి. ఆ కొలతలకూ ప్యానెళ్ళకూ అయ్యే ఖర్చును కొనుగోలు ధరతో కలిపి చూస్తేనే రెండు సంస్థల ప్రతిపాదనలను పోల్చడం సాధ్యమవుతుంది.